కూలర్ స్టాండ్ల మీద క్రిస్మస్

నవంబరులో ఒక ఆదివారం. మా మేడమీది వాటాలో కిరాయికుంటున్న నర్సు చర్చి నుంచి వచ్చి, పైకి వెళ్లకుండా మా వరండాలో ఆగి, ఫోను తీసి నా ముక్కుకు జానెడు దూరంలో పెట్టింది.

"ఇది చూడండక్కా."

చూశాను. ఏదో చలిదేశంలో ఒక ఇల్లు. ప్రతి కిటికీ కింద గోడకు ఆనించి పొడుగాటి చెక్క తొట్టె ఉంది. తొట్టె నిండా ముదురాకుపచ్చ కొమ్మలు, మధ్యలో ఎర్రకాయల గుత్తులు, అంచు మీదుగా కిందికి జారే తీగ, ఎర్ర రిబ్బను, అన్నిటి మీదా పంచదార చల్లినట్టు మంచు.

"బాగుందమ్మా," అన్నాను. ఫోనులో ఎవరేం చూపించినా నేను బాగుందనే అంటాను. లేకపోతే నచ్చేదాకా ఇంకో పది చూపిస్తారు.

"మన కిటికీలకు గిట్ల పెడదామనుకుంటున్న. క్రిస్మస్‌కు."

మన కిటికీలు అన్నది. ఆ 'మన' దగ్గర నేను కాస్త సర్దుకుని కూర్చున్నాను.

మాది టేకులపల్లి. ఇల్లు రోడ్డు మీదే. మా మామగారి నాడు కృష్ణా జిల్లా నుంచి వ్యవసాయానికని వచ్చి స్థిరపడిన కుటుంబం కాబట్టి, నా పిల్లలు ఇక్కడి దవాఖానాలోనే పుట్టినా ఊరికి మేము ఇప్పటికీ 'ఆంధ్రోళ్లమే'. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. మావారికి మిరప, పత్తి, ఇంటి గోడలు అనే మూడు విషయాల మీద ఆసక్తి ఉంది. ఇక మేమిద్దరమూ చాలా విశాల హృదయం గలవాళ్లం. రెండేళ్ల కిందట సర్కారు దవాఖానాకు బదిలీ మీద వచ్చిన నర్సుకు వాటా ఇచ్చేటప్పుడు, ఆమె ఏ దేవుణ్ణి కొలుస్తుందో ఒక్కసారి కూడా అడగలేదు. ఏం వండుకుంటుందో మాత్రం మూడుసార్లు అడిగాం. చేపల వాసన కిందికి రాకూడదని గట్టిగా చెప్పాం. ఆ తర్వాత ఆమె చేపల పులుసు గిన్నెతో కిందికి దిగిన ప్రతిసారీ వాసన సంగతి మర్చిపోయాం.

పైగా మా ఇంటి ముందు అలంకరణ శాఖ నాది. గేటుకు రెండువైపులా పదకొండు కుండీల్లో క్రోటన్లు, వరండా స్తంభానికి ఆరేళ్ల మనీప్లాంటు. ఊళ్లో నేను మామూలు టీచరునే కానీ ఆ కుండీలకు కలెక్టర్ని. నా అధికార పరిధిలోకి ఇంకొకరు తొట్లు తెస్తానంటే వెంటనే ఒప్పుకోవడం పద్ధతి కాదు. అందుకని మావారిని అడగాలన్నాను. ఇంట్లో దేనికీ ఆయన్ను అడిగే అలవాటు లేని నేను అలా అనేసరికి, సాయంత్రం ఆయనే కంగారుపడ్డారు.

"గోడకు మేకు కొట్టకూడదు. అంతే," అన్నారు చివరికి. "రంగు వేయించి ఆరు నెలలు కాలేదు."

మేకు లేకుండా తొట్టె గాలిలో నిలబడదు. కిటికీ గ్రిల్లుకు తగిలించే ఇనుప చట్రం చేయించాలి. నర్సు కిటికీ వెడల్పును జేనలతో కొలిచి చీటీ మీద రాసుకుంది. అది చూశాక ఆమెను ఒంటరిగా పంపడం నాకు మనసొప్పలేదు. టేపు పట్టుకుని నేనే మళ్లీ కొలిచి, మర్నాడు స్కూలు అయ్యాక ఇల్లందు బస్సులో ఆమెతో పాటు బయల్దేరాను. నాకు ఆ అలంకరణ మీద ఆసక్తేమీ లేదని బస్సులో రెండుసార్లు చెప్పాను. ఆమె రెండుసార్లూ "అవ్ అక్కా" అంది.

ఇల్లందులో ఆ వెల్డింగ్ షాపు తాతల నాటి నుంచి ఇనుప పని చేస్తున్న ఒక ముస్లిం కుటుంబానిది. షాపాయన నెరిసిన గడ్డంతో, నుదుటి మీదికి నెట్టిన నల్ల కళ్లద్దాలతో చాలా మర్యాదగా ఫోను అందుకుని, బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసి, కొమ్మలనూ కాయలనూ పక్కకు జరిపి చట్రం ఉండాల్సిన చోటు ఒక్కటే చూశాడు.

"కూలర్ స్టాండ్ కదా మేడమ్."

"కాదన్నా, పూల తొట్టెకు."

"అచ్ఛా." మళ్లీ బొమ్మ చూశాడు. "కూలర్ ఎన్ని లీటర్లది?"

"కూలర్ లేదన్నా. మట్టి, మొక్కలు ఉంటాయి."

"మట్టి అంటే బరువు. నీళ్లు పోస్తే ఇంకా బరువు. ఫికర్ చెయ్యకున్రి, గట్టిగ చేస్త. పండుగ లోపల జల్దీ పంపుత."

మాట నిలబెట్టుకున్నాడు. వారం తిరక్కుండా మూడు చట్రాలు ఆటోలో వచ్చాయి. అవి మూడు కూలర్ స్టాండ్లు. ఏ సందేహమూ లేదు. నాలుగు పొట్టి కాళ్ల మీద వెడల్పాటి పీట, వెనక రెండు కొక్కేలు, మూలల్లో అదనపు బలానికి అడ్డపట్టీలు. మా స్కూలు బెంచీల్లో సగం అంత గట్టిగా ఉండవు. మావారు ఒకదాని మీద కూర్చుని చూసి, పని మంచిదని మెచ్చుకున్నారు.

చెక్క తొట్లు దొరికే ఊరు కాదు మాది. నీలంరంగు ప్లాస్టిక్ డ్రమ్ములను నిలువుగా కోయించి, తెల్లరంగు వేసి, ఆ స్టాండ్ల మీద పడుకోబెట్టాం. ఇక కొమ్మలు. బొమ్మలో ఉన్నవి ఏ చెట్టువో నర్సుకు తెలియదు, నాకూ తెలియదు. మా చుట్టూ అడవి ఉంది కదా అనుకుంటారు, కానీ అడవిలో కొమ్మ విరిస్తే దాని వెనకే వచ్చే ఫారెస్టువాళ్ల ప్రశ్నలు పండక్కి సరిపోయినన్ని ఉంటాయి. అందుకని ఎటు చూసినా కనిపించే జామాయిల్ కొమ్మలే తెలిసిన వారి తోటలోంచి తెచ్చుకున్నాం. తొట్లలో గుచ్చగానే వీధంతా జలుబు మందు వాసన వచ్చింది. నర్సు ఉండే ఇంటికి ఆ వాసన తగినదేనని సర్దిచెప్పుకున్నాం.

మంచు కోసం మా చేలో చివరి ఏరుడు పత్తి తెప్పించాను. నాకు ఆసక్తి లేదని ముందే చెప్పాను కదా. కాకపోతే ఆమె పత్తిని ఉండలు చేసి అక్కడొకటి ఇక్కడొకటి పెడుతుంటే చూడలేక, చేతిలోంచి తీసుకుని నేను పరిచాను. ఎర్రకాయలకు బదులు ఆమె ఆన్‌లైన్లో తెప్పించిన ప్లాస్టిక్ బంతులు గుచ్చుతుంటే, వరుస తప్పుతోందని అవీ నేనే గుచ్చాను. సాయంత్రమయ్యేసరికి ఆమె పక్కన నిలబడి తాడు అందిస్తోంది, నేను గ్రిల్లులోంచి రెండు చేతులూ భుజాల దాకా బయటికి పెట్టి రిబ్బను కడుతున్నాను.

మర్నాడు పొద్దున ఏడింటికి కోతులు వచ్చాయి.

మా ఊళ్లో కోతులు రావడం వార్త కాదు. అడవిలో తినడానికి ఏమీ మిగలక అవి ఊళ్లోకి వచ్చి ఏళ్లయింది. వాటికి మా వీధి టైం టేబులు నాకన్నా బాగా తెలుసు. కానీ ఆరోజు మాత్రం వాటి కోసం ప్రత్యేకంగా పందిరి వేసి, పండ్లు అమర్చి, మెత్తటి పరుపు పరిచి పిలిచినట్టయింది. ఒక్కొక్కటీ ఒక్కో బంతి పీక్కుని కొరికి, అది పండు కాదని తెలిసి, మోసపోయిన కోపంతో మా వరండాలోకి విసిరింది. పిల్ల కోతులు పత్తిని పీలికలు చేసి కరెంటు తీగల మీద ఆరేశాయి. ఒక పెద్ద ఆడకోతి మధ్య కిటికీ తొట్టెలో కొమ్మలన్నీ పక్కకు నెట్టి, వీపు గ్రిల్లుకు ఆనించి, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంది. దాని బరువుకు స్టాండు ఈషన్మాత్రం కూడా కదలలేదు. వెల్డింగాయన చూసుంటే గర్వపడేవాడు.

వీధి వీధంతా బయటికొచ్చి నిలబడింది. అందరూ సలహాలు ఇచ్చారు, కర్ర ఒక్కరూ తేలేదు.

నర్సు తలుపు తీసుకుని చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. తొమ్మిదింటికి యూనిఫాం వేసుకుని, మెట్ల మీద పడిన రిబ్బను ముక్క తీసి మడిచి బ్యాగులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. ఆ మడిచి పెట్టుకోవడం నాకు రోజంతా గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతికి ఖండాలు చెబుతూ రెండుసార్లు ఆసియాను వదిలేశాను.

సాయంత్రం చీపురుతో పైకి వెళ్లాను. ఇద్దరం తొట్లు శుభ్రం చేశాం. నేనే అడిగాను.

"ఇంత ఆరాటం దేనికమ్మా? ఒక స్టార్ కడితే సరిపోదూ, అందరిలాగా?"

ఆమె చేటలోకి మట్టి ఎత్తుతూ మొదలుపెట్టింది.

"మా అమ్మ వస్తుందక్కా ఈసారి. నేలకొండపల్లి కాడ తమ్ముని దగ్గరుంటది. తన చిన్నప్పుడు, నేను పుట్టకముందు, మిషన్ దవాఖాన డాక్టరమ్మ బంగ్లాల ఆయాగ చేసింది. ఆ డాక్టరమ్మ కిటికీలకు గిట్లనే తొట్లుండేటియట. పొద్దూమాపు మా అమ్మే నీళ్లు పోసేది. క్రిస్మస్ వస్తే మాత్రం డాక్టరమ్మ తనే సింగారించుకునేది. ఎవర్నీ చెయ్యి పెట్టనియ్యకపోయేది. మా అమ్మ ఎప్పటికీ ఆ ముచ్చటే చెప్తది. ఇగ ఫోన్ల ఈ బొమ్మ కనపడ్డది."

అంతే చెప్పింది. నేను కరిగిపోయానని చెప్పను. ఆ బంతులు నాసిరకానివని మాత్రం అన్నాను. రాత్రి అన్నాల దగ్గర మావారిని అడిగాను, కోతి ముట్టనిది ఏముంటుందని.

"మన చేలో మిరపపండు," అన్నారు ఆయన, ముద్ద కలుపుతూ. "ఆ పక్కన మొక్కజొన్న ఒక్క కంకి మిగల్చలేదు. మిరప జోలికి రాలేదు."

డిసెంబరులో మా దగ్గర మిరపకాయ అప్పుడప్పుడే పండబారుతుంది. పండుమిర్చి పచ్చడికని తొలి కాయలు ఇంటికి వచ్చే రోజులే అవి. మర్నాడు ఒక గంప దింపించుకున్నాం. నిగనిగలాడుతూ, ఆ బొమ్మలోని ఎర్రకాయలు వీటి ముందు వెలవెలబోయేలా ఉన్నాయి. తొడిమలు కలిపి దారంతో గుత్తులు కట్టడం మొదలుపెట్టాం. ఇరవై గుత్తులయ్యాక నేను తెలివిగా కన్ను నలుపుకున్నాను.

"రుద్దకండి," అంది నర్సు. నాతో ఎన్నడూ వాడని గొంతు అది, డ్యూటీ గొంతు. మెడ పట్టి కుళాయి కిందికి వంచింది. "కన్ను తెరవండి. తెరవండంటున్న."

ఇరవై నాలుగేళ్లుగా పిల్లలకు ఆజ్ఞలు ఇస్తున్న నేను మారు మాట లేకుండా తెరిచాను. ఆ పూట నుంచి ఆమె నాకు గ్లవుజులు తొడిగించి కూర్చోబెట్టింది.

తాజా జామాయిల్ కొమ్మల్లో మిరపపండ్ల గుత్తులు గుచ్చాం, కింద మళ్లీ కొంచెం పత్తి పరిచాం. కోతులు వచ్చాయి. ఆడకోతే ముందుకొచ్చి ఒక పండు కొరికింది. కొరికి, కాసేపు ఎటో చూస్తూ కూర్చుంది. తర్వాత నోరు గోడకు రాసుకుంటూ వెళ్లిపోయింది. మందంతా దాని వెంటే వెళ్లింది. గోడ మీద మరక చూసి మావారు ఒక్కరే బాధపడ్డారు.

కోతుల బెడద తీరింది. మనుషులది మొదలైంది.

మొదట ఎదురింటావిడ గేటు దగ్గరికి వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా గొంతు తగ్గించింది.

"ఏమైందక్కా ఇంట్ల? ఎవరికన్న పానం బాగలేదా?"

"అందరం బాగానే ఉన్నాంగా. ఏంటి?"

"మరి గన్ని మిరపకాయలు కట్టిన్రు. మా ఇంటికి దిష్టి తగిల్తే ఏడే కట్టినం."

క్రిస్మస్ అలంకరణ అని చెప్పాను. ఆమె నమ్మినట్టు తలూపి, నిమ్మకాయలు కూడా కలిపితే బాగా పనిచేస్తుందని చెప్పి వెళ్లింది. పాలామె ఆ రోజు నుంచి కిటికీల కింద నుంచి రాకుండా చుట్టూ తిరిగి పెరటి వైపు నుంచి వచ్చింది. స్టాఫ్ రూంలో నన్ను చూడగానే మాటలు ఆగిపోవడం, ఇంట్లో అంతా కులాసానా అని అందరూ అడగడం మొదలైంది. మా లెక్కల సారు అయితే ఎవరి మీద అనుమానమో చెప్పమన్నారు.

ఆ వారంలోనే వాళ్ల చర్చి పాస్టరుగారు వచ్చారు. సాధువైన మనిషి. కుర్చీలో కూర్చుని, టీ తాగి, వాతావరణం గురించి మాట్లాడి, ఎంతో ఇబ్బందిపడుతూ నర్సును అడిగారు.

"సిస్టర్, ఏమనుకోవద్దు. మన సంఘంల ఇద్దరు ముగ్గురు అడుగుతున్నరు. ఆ కిటికీలకు కట్టినయి దిష్టి మిరపకాయలైతే కాదు కదా?"

మా ఊరు ఓట్ల దగ్గర, నీళ్ల దగ్గర, బొడ్రాయి పండుగ దగ్గర ఎన్నడూ ఒక్క మాట మీద నిలబడలేదు. ఆ నెలలో మా మేడ కిటికీల పుణ్యమా అని అన్ని మతాలవారూ ఏకాభిప్రాయానికి వచ్చారు. సోషల్ పాఠంలో ఐకమత్యానికి ఉదాహరణగా చెప్పుకోవచ్చు.

నర్సు బొమ్మ చూపించి అంతా వివరించింది. పాస్టరుగారు బొమ్మనూ కిటికీలనూ మార్చి మార్చి చూసి, "ప్రయత్నం మంచిదే," అన్నారు. ఆ మాటకు ఆమె ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నేను కట్టిన గుత్తులవి.

పండక్కి రెండు రోజుల ముందు మధ్యాహ్నం బస్సులో ఆమె తల్లి దిగింది. పొట్టిగా, సన్నగా, నేత చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, చేతిలో స్టీలు క్యారేజీతో వచ్చింది. గేటు లోపలికి వచ్చి తలెత్తి చూసింది. నర్సు నా పక్కనే నిలబడి ఆమె ముఖాన్నే చూస్తోంది. నేనూ అక్కడే చూస్తున్నానని నాకు తర్వాత తెలిసింది.

"గిట్లుండవు," అంది ముసలామె.

క్యారేజీ నాకిచ్చి మెట్లెక్కింది. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, స్టూలు అడిగింది. మధ్య కిటికీ తెరిచి స్టూలెక్కి, మేము రెండు వారాలు పెట్టినదంతా రెండు నిమిషాల్లో పీకేసింది.

"అమ్మా, జర కూసో, బస్సుల అలిసిపోయినవ్," అంటోంది నర్సు.

"కూసుంట లే. ఎత్తుగ ఉండేటియి ఎనకకు రావాలె. పొట్టియి ముంగటికి. గిదేంది, పత్తెందుకు?"

"మంచు," అన్నాను నేను.

"మంచేందమ్మా? ఆడ ఏ మంచు లేదు. మామిడి చెట్లుండె." పత్తి తీసి నా చేతిలో పెట్టింది. రిబ్బను తీసి కూతురి చేతిలో పెట్టింది. "డాక్టరమ్మ రిబ్బను కట్టకపోతుండె. రంగురంగుల ఆకులు పెడుతుండె. రంగు ఆకు లేదా?"

నేను చేతిలో పత్తిని శ్రద్ధగా ఉండ చుట్టాను. ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. నా పదకొండు క్రోటన్లు కనిపించాయి.

ఆమె నా అనుమతి అడిగింది. అది నేను దాచను. కాకపోతే అడిగేటప్పటికే ఆమె చేతిలో కత్తెర, కత్తెర పక్కన నాలుగు కొమ్మలు ఉన్నాయి. "మళ్లొస్తయమ్మా, కోస్తేనే ఏపుగొస్తయి," అంది, నాకు మొక్కల గురించి చెబుతూ. ఆ తర్వాత అంచు మీదుగా జారేందుకు తీగ కావాలంది. ఆరేళ్ల మనీప్లాంటు స్తంభం మీద నుంచి ఎలా దిగిందో చూడలేక నేను లోపలికి వెళ్లి టీ పెట్టాను.

టీ తీసుకుని పైకి వెళ్లేసరికి మొదటి తొట్టె అయిపోయింది. వెనక జామాయిల్, దాని ముందు ఎర్ర పసుపు క్రోటన్లు, మధ్య మధ్య మిరపగుత్తులు, అంచు దాటి మనీప్లాంటు. డ్రమ్మూ కనబడటం లేదు, స్టాండూ కనబడటం లేదు. ఒక్కసారైనా చేయి పెట్టనివ్వని పనిని ఆవిడ అన్నేళ్లు నీళ్లు పోస్తూ చూసి చూసి నేర్చుకుంది. నేను ట్రైనింగు కాలేజీలో ఇద్దరు ప్రొఫెసర్ల దగ్గర రెండేళ్లు కూర్చుని నేర్చుకున్నది ఇంత గుర్తులేదు.

"మిరపపండ్లు ఉండనిచ్చావే పెద్దమ్మా," అన్నాను.

"ఉండనీ. ఆడ ఏవో కాయలుండేటియి, తింటానికి రావు, దేనికీ రావు. ఇయ్యే నయం."

మిగిలిన రెండు తొట్లకూ ఆమె చెబుతుంటే నేను దారం కత్తిరించాను, నర్సు కొమ్మలు అందించింది. ఏది వంకరైనా ఇద్దరికీ మొట్టికాయ తప్పదన్నట్టు ముసలామె చూసింది. సాయంత్రం ఎదురింటావిడ గేటు దాకా వచ్చి చాలాసేపు చూసి, ఈసారి దిష్టి మాట ఎత్తలేదు. ఇలాంటిది తన మనవరాలి ఓణీల ఫంక్షనుకు కుదురుతుందా అని అడిగింది. ముసలామెను అడగమన్నాను. నా దగ్గర క్రోటన్లు అయిపోయాయి.

క్రిస్మస్ రోజు నర్సు మమ్మల్ని భోజనానికి పిలిచింది. నేను పట్టుచీర కట్టుకుని వరండాలో ఉన్నాను. చర్చి నుంచి వాళ్ల ఆటో వచ్చి ఆగింది. నర్సు దిగి లోపలికి వచ్చింది. తల్లి రాలేదు. కొత్త చీర కొంగు నెత్తి మీద కప్పుకుని, బొగ్గు టిప్పరు పోయేదాకా ఆగి, రోడ్డు దాటి అవతలి పక్క నిలబడింది. అక్కడి నుంచి మేడ కిటికీల వైపు చూస్తోంది. ఎంతసేపటికీ కదలకపోతే ఒంట్లో బాగాలేదేమోనని నేనూ రోడ్డు దాటి వెళ్లాను.

"ఏంటి పెద్దమ్మా, ఏమైనా తేడా ఉందా?"

"లేదమ్మా." చూపు తిప్పలేదు. "నేను లోపల్నుంచే నీళ్లు పోసేదాన్ని. ఎనక తలుపుకెంచి పోయేది, ఎనక తలుపుకెంచి వచ్చేది. రోడ్డు మీదికెంచి ఎట్ల కనపడతదో ఎన్నడూ సూడలే."

నేను ఆమె పక్కకు జరిగి, ఆమె చూస్తున్న వైపే చూశాను. ఇద్దరం అలాగే నిలబడ్డాం. ఇంకో టిప్పరు పోయింది. దుమ్ము తగ్గాక ఆమె కళ్లు చికిలించి చేయి చాపింది.

"ఆ కుడి పక్కది జర వంగింది."

"రేపు సరిచేద్దాంలే పెద్దమ్మా. అన్నానికి వేళయింది."

"రేపేంది? పండుగ ఇయ్యాల."

అలా ఆ పండగపూట మధ్యాహ్నం, మావారు విస్తరి ముందు ఎదురుచూస్తుండగా, నేను పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మేడమీద ఆమె కాళ్ల దగ్గర స్టూలు పట్టుకుని నిలబడ్డాను. ఎడమకు జరపాలా కుడికా అని ఆమె అడిగితే, నర్సు రోడ్డు అవతల నుంచి చేత్తో చూపిస్తూ ఉంది.